కాంటా తారీకు

రాత్రి పదకొండుకు మొదలువెట్టింది,
అడగలే, చెప్పలే.
నీలిరంగు తెర మీద
సుక్క వెనుక సుక్క గిర్రున తిరుగుడు,
"కంప్యూటర్‌ను ఆపవద్దు" అని ఒక హుకుం.
ముప్పై అయిదు శాతం దాక ఎక్కుతది,
ఆడ ఏం గుర్తొస్తదో ఏమో,
ఎక్కిన మెట్లన్నీ మల్ల దిగుతది.
తెల్లారేసరికి నాలుగుసార్లయింది.

మిర్యాలగూడల యాసంగి వడ్లు
వేములపల్లి రోడ్డు మీద లైను గట్టినయి,
పద్నాలుగు ట్రాక్టర్లు, ఆరు లారీలు,
పట్టాల కింద లోడ్లు ఆవిరి గక్కుతున్నయి.
కాంటా మీదికి బండెక్కితే
ఇనుప పలక జర మూలుగుతది, గంతే.
బరువు దానికి తెలుసు,
చెప్పే నోరే మూతవడ్డది.

మిల్లు మేనేజర్ నర్సిరెడ్డి సారు
"బంద్ చేసి సాలు జెయ్యవయ్యా" అన్నడు. జేసిన.
"నెట్టు పీకి పెట్టు." పీకి పెట్టిన.
లారీ మక్బూల్ కిటికీల తలవెట్టి
"నా ఫోను గిట్లనే జేస్తే నేలకేసి కొట్టిన భాయ్,
అప్పటిసంది బుద్ధిగున్నది" అన్నడు.
జాగ లేక ఆగిందేమోనని
పాత ఆపరేటర్ జానయ్య పెండ్లి వీడియో
నాలుగు భాగాలు తీసేసిన.
అప్పగింతల కాడ ఒక్క నిమిషం చెయ్యాడలే.
మల్ల ముప్పై అయిదు. మల్ల దిగుడు.
పోతా పోతా ఒక తప్పు నంబరు చూపిచ్చింది,
సున్నాలు, ఎనిమిదులు, నడుమ ఒక ఎక్సు.
ఈ రోడ్డు మీద తిరిగే ప్రతి బండి నంబరు నాకెరుక,
ఇది ఏ జిల్లా రిజిస్ట్రేషనో సమజ్ కాలే.

కంపెనీకి ఫోన్ చేస్తే
"మీరు వరుసలో ఏడోవారు" అని సంగీతం పెట్టిండ్రు.
నా ముందట ఇరవై బండ్లు వరుసల ఉన్నయి,
నేను ఇంకెక్కడి వరుసలనో ఏడోటోన్ని.

గప్పుడొచ్చింది సైదమ్మ,
కొంగు ముడిల నిన్నటి చిట్టీ.
నిన్న పొద్దూకంగ తూచిన వడ్లు, నలభై రెండు క్వింటాళ్ళు.
"బిడ్డా, గిదేం తారీకు?"
చూసిన.
ఒకటి, ఒకటి, రెండువేల తొమ్మిది.
"ఆ యేడు కాల్వ మా చివరిదాక రానే లేదు,
గింజ చేతికి రాలే,
నలభై రెండు క్వింటాళ్ళు యాడికెల్లి తూచినవు?
సరే, తారీకు పాతదైతే అయింది,
రేటు మాత్రం ఇయ్యాల్టిదే రాయి."
అందరు నవ్విండ్రు.
నేను తెర మూలకు గడియారం దిక్కు చూసిన.

నెల రోజులసంది కండ్ల ముందటే ఉన్నది.
కరెంటు పోయినప్పుడల్లా ఇది పోయి
తొమ్మిదో యేడు కొత్త సంవత్సరం పొద్దున కూసుంటున్నది.
ఆడికెల్లి చూస్తే
ఈ అప్‌డేట్ ఇంకా పుట్టనే లేదు.
పుట్టనోని సంతకం ఎట్ల నమ్ముతది?
ముప్పై అయిదు మెట్లెక్కి
అనుమానపడి దిగొస్తున్నది పాపం.

డబ్బా ఇప్పిన.
పిడికెడు వడ్ల దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు,
నడుమ రూపాయి బిళ్ళంత బ్యాటరీ,
సచ్చి ఎన్నాళ్ళయిందో.
ఊర్లె దుకాండ్లు తెరవాలంటే ఇంక గంటన్నర.
గదే నంబర్ది ఎక్కడో చూసినట్టున్నదని
నలుదిక్కులా చూస్తే
నర్సిరెడ్డి సారు వేలికి తిరుగుతున్నది
కొత్త కారు తాళంచెవి.
"సారూ, జర..."
సారు మొఖం చూడాలె గప్పుడు.

తారీకు సరిజేసి మల్ల సాలు జేసిన.
ముప్పై నాలుగు.
ముప్పై అయిదు.
బీడీలు ఆరిపోయినయి, ఎవలు దగ్గలే.
ముప్పై ఆరు అని మక్బూల్ ఎంత గట్టిగ అరిచిండంటే
ఆఖరి ట్రాక్టర్ డ్రైవర్
తన వంతొచ్చిందని ఇంజన్ సాలు జేసిండు.

పదింటికి సైదమ్మకు కొత్త చిట్టీ తీసిచ్చిన.
పాతది చింపబోతుంటే చెయ్యి పట్టింది.
"గది గూడ ఇటియ్యి బిడ్డా.
ఆ యేడు నాకు పండినట్టు
ఒక్క కాగితమన్న ఉండని."